మామగారి కారుకు మరమ్మతు

ఆ ఉదయం కళ్లజోళ్ల దుకాణదారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నిద్ర లేచేలోగా షెడ్డులోకి వెళ్లి, మామగారు లారీ ఎక్కించి పంపిన పాత కారులో ఏదో ఒక తీగ ఊడదీసి రావాలి. కారు కదలదు. అందులో వెళ్లాల్సిన వదినగారింటి ప్రయాణం తప్పుతుంది. తనకు డ్రైవింగ్ రాదన్న సంగతి దాగిపోతుంది. పెళ్లికి ముందు ఆమె అడిగితే "డ్రైవింగా? ఎడమచేత్తో" అనేశాడు. ఇన్నేళ్లూ ఇంట్లో కారు లేదు కాబట్టి ఆ ఎడమచేతికి పని పడలేదు.

కళ్లజోళ్లు బిగించే బుల్లి స్క్రూడ్రైవరుతో బ్యాటరీ మీద కుస్తీ పడుతుండగా భార్య గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఏం చేస్తున్నారండీ?"

"ఏం లేదు. ఊరికే విప్పి చూద్దామని."

ఆమె కళ్లు చెమర్చాయి. "నాన్న కారును మళ్లీ కొత్తదానిలా చేద్దామనా? నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?"

కాదనబోయాడు. కానీ ఆమె తనవంక అలా చూసి చాలా కాలమైంది. ఆ చూపు పోగొట్టుకోవడం కంటే కారు విప్పడమే నయమనిపించింది. ఆమె అప్పటికే తండ్రికి ఫోన్ చేస్తోంది.

మధ్యాహ్నానికల్లా మామగారు స్పానర్ల పెట్టెతో దిగారు. ఆయనంటే అల్లుడికి మొదటినుంచీ వణుకే. కుండపోత వానలో, కొండదారిలో ఆయన ఇదే కారు నడుపుకొచ్చిన కథ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు.

"బ్యాటరీ ఒక్కటేనా అల్లుడుగారూ? సీట్లు కూడా తీసెయ్యండి" అన్నారు మామగారు.

"సీట్లెందుకు మావయ్యగారూ?"

"తుప్పు వాటికిందే దాక్కుంటుంది."

అల్లుడు తలుపు ఊడదీస్తే మామగారు బానెట్ ఊడదీశారు. చక్రాలు వసారాలోకి, హెడ్‌లైట్లు స్నానాలగదిలోకి చేరాయి. పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి "తూకానికేనా?" అని అడిగాడు. విప్పేకొద్దీ అల్లుడి గుండె తేలికపడుతోంది. చిత్రమేమిటంటే, మామగారు ఈల కూడా వేస్తున్నారు.

సాయంత్రం భార్య టీ తెచ్చింది. "మెకానిక్‌తో మాట్లాడాను. రేపు మనుషుల్ని తీసుకొచ్చి, అన్నీ బిగించి, చీకటి పడేలోగా స్టార్ట్ చేసి ఇస్తాడట. ముందు ఎవరు నడుపుతారో మీరిద్దరూ తేల్చుకోండి" అని చెప్పి లోపలికి వెళ్లింది.

రెండు స్పానర్లూ ఒకేసారి ఆగాయి.

"మీ కారు. మీరే నడపాలి మావయ్యగారూ."

"కూతురికిచ్చేశాక నాదేముంది? మీరే కానివ్వండి."

"పెద్దవారుండగా నేనా?"

"వయసులో ఉన్నవారుండగా నేనా?"

"మరి ఆ కొండదారి..."

మామగారు వంటింటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "స్టీరింగు మా డ్రైవరు చేతిలో ఉంది. నేను వెనకసీట్లో కళ్లు మూసుకుని ఉన్నాను. వాడు పని మానేశాక దీన్ని కదిపే నాథుడు లేడు. మీకు వచ్చు కదా అని పంపాను."

అల్లుడు తల వంచుకుని చేతిలోని బుల్లి స్క్రూడ్రైవరును తుడవడం మొదలుపెట్టాడు. మామగారు ఆ తుడవడాన్ని కాసేపు గమనించారు. ఏళ్ల తరబడి తాను భయపడ్డ మనిషి, ముక్కుమీద గ్రీజుతో, అచ్చం తనలాగే బిక్కుబిక్కుమంటూ ఎదురుగా కూర్చున్నాడని అల్లుడికి అప్పుడు అర్థమైంది.

మామగారు పెట్టెలోంచి అన్నిటికంటే పెద్ద స్పానరు తీసి అతని చేతికిచ్చారు. "ఇంజను కూడా ఓసారి చూడటం మంచిది అల్లుడుగారూ."

మర్నాడు మెకానిక్ వచ్చి, ఇంత క్షుణ్ణంగా విప్పిన కారును తన జీవితంలో చూడలేదని మెచ్చుకుని, ఒక్క బోల్టూ బిగించకుండానే వెళ్లిపోయాడు.