ఇద్వాల్ ప్రైస్ విడిపోయే షరతులు

ఆ శనివారం ఇద్వాల్ ప్రైస్ చేయదలుచుకున్న పనులు రెండే. పొద్దున గొర్రెలకు మేత వేయడం, మధ్యాహ్నం ఊరి హాల్లో ఉపన్యాసం ఇవ్వడం. మొదటిది చిన్నప్పటినుంచీ చేస్తున్నదే. రెండోది బుద్ధెరిగాక ఇదే మొదలు.

మార్చి నెలాఖరుకి బ్రిటన్ యూరప్ కూటమిలోంచి బయటపడాలి. బయటపడాలని ఓటేసి రెండేళ్ళు దాటిపోయినా, ఏ షరతుల మీద బయటపడాలన్న దగ్గర లండన్ పార్లమెంటులో ఏ ఇద్దరికీ పొత్తు కుదరలేదు. వాళ్ళవల్ల కానిది మనమైనా తేలుద్దామని లాన్‌వెర్న్ ఊరివాళ్ళు సభ పెట్టుకున్నారు. వేల్స్ కొండల్లో గొర్రెల మీద బతికే ఊరది. అక్కడి మాంసంలో చాలా భాగం సముద్రం దాటి ఫ్రాన్సు వాళ్ళ పళ్ళేల్లోకి పోతుంది. కనుక షరతుల గురించి చెప్పడానికి గొర్రెలు కాసేవాడు ఒకడుండాలన్నారు. ఇద్వాల్‌ని ఎంచుకున్నది బాగా మాట్లాడతాడని కాదు, వద్దనడం చేతకాదని.

భార్య ఎలునెడ్ పొద్దున్నే జుట్టు చేయించుకోవడానికి టౌనుకి బయల్దేరింది. "అందరూ నిన్ను చూస్తారు. నిన్ను చూసినవాళ్ళు పక్కనున్న నన్నూ చూస్తారు," అని చెప్పి వెళ్ళింది. ఇల్లు ఖాళీ కాగానే ఇద్వాల్ గొర్రెల కొట్టంలో గడ్డిమోపు ఎక్కి, వారాల తరబడి బట్టీపట్టిన ఉపన్యాసం అందుకున్నాడు.

"నలభై ఏళ్ళు పైబడిన బంధం. విడిపోతున్నాం, అందులో మార్పు లేదు. ఇన్నేళ్ళూ అవతలివాళ్ళు చెప్పిందే వేదం. నా గొర్రె చెవికి ఏ బిళ్ళ తగిలించాలో కూడా వాళ్ళే చెప్పాలి. ఇక చాలు. నా ఇంటికి నేను యజమానిగా బతకాలి. అయినా తలుపు ధడాలున వేసి పోవడం మర్యాద కాదు. పంచుకోవలసింది పంచుకుని, నవ్వుతూ పోదాం."

గొర్రెలు నెమరు వేస్తూ విన్నాయి. వాటికన్నా శ్రద్ధగా గోడవతల పక్కింటి కైన్‌వెన్ విన్నది. గుడ్లు ఇచ్చిపోదామని వచ్చిన మనిషి, బుట్టతో సహా కొయ్యబారిపోయింది. కైన్‌వెన్‌కి రాజకీయాలంటే చెవుడు, పక్కిళ్ళ సంగతులంటే పాముచెవులు. నలభై ఏళ్ళు దాటి కాపురం చేసిన పెళ్ళాన్ని పేరు పెట్టి కూడా అనలేక 'అవతలివాళ్ళు' అంటున్నాడంటే వ్యవహారం ముదిరిందన్నమాటే. గుడ్లు మళ్ళీ ఇంటికే మోసుకుపోయి ఫోన్ అందుకుంది.

గంట తిరక్కముందే చర్చి పాస్టరు తెగిడ్ గారు ఇద్వాల్ వంటింట్లో టోపీ చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

"విన్నాను ఇద్వాల్ గారూ. నిర్ణయం అయిపోయినట్టేనా?"

"ఎప్పుడో అయిపోయింది కదండీ. ఇక షరతులే."

"కాస్త గడువు తీసుకోకూడదా?"

"పొడిగించమనే నేనూ చెప్పబోతున్నా. ఇన్నేళ్ళు కలిసుండి ఒక్కరోజులో పొమ్మంటే ఎవరివల్ల అవుతుంది?"

పాస్టరు గారి ముఖం కొంచెం తేటపడింది. "పోనీ ఒకే కప్పు కింద ఉంటూ, ఎవరి మానాన వాళ్ళు..."

"ఒక కాలు లోపల, ఒక కాలు బయటా? దానికి అవతలివాళ్ళు ఒప్పుకోరండీ. ఒకటి మాత్రం నిజం, మధ్యలో గోడ పెడతామంటే నేను చచ్చినా ఊరుకోను."

ఇద్వాల్ అంటున్నది ఐర్లండ్ సరిహద్దు గురించి. పాస్టరు గారి కళ్ళు మాత్రం పొయ్యికీ భోజనం బల్లకీ మధ్యనున్న జాగాని కొలుస్తున్నాయి.

"ఇంకేమైనా పేచీలున్నాయా?" అని అడిగారు నీరసంగా.

"చేపలండీ. చేపలెవరివి అన్న దగ్గరే అసలు చిక్కు."

ఇద్వాల్ మనసులో ఉన్నది బ్రిటన్ సముద్రంలో చేపలెవరు పట్టాలన్న తగాదా. కిటికీలో మాత్రం గాజు తొట్టి ఉంది. అందులో ఎలునెడ్ పెంచుకునే ఎర్రచేపలు రెండు తోకలాడిస్తున్నాయి. పాస్టరు గారు వాటివంక చాలాసేపు చూశారు. ఎన్నో కాపురాలకు సర్దిచెప్పిన మనిషే కానీ, చేపల దాకా వచ్చిన కాపురాన్ని చూడడం ఇదే మొదటిసారి.

"ఎలునెడ్ గారికి ఈ మాట చెప్పారా?"

"తనకి విడిగా ఎందుకండీ? సభలో అందరితోపాటు వింటుంది."

పాస్టరు గారు టీ కూడా తాగకుండా లేచిపోయారు. ఈయనకి యూరప్ అంటే ఇంత ప్రాణమని తెలియలేదే అని ఇద్వాల్ నొచ్చుకున్నాడు.

ఆయన అటు వెళ్ళగానే ఇటు ఎలునెడ్ తమ్ముడు ఎమ్రిస్ ట్రాక్టరుకి ట్రాలీ తగిలించుకుని దిగాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"అక్క సామాన్లు తీసుకుపోవడానికొచ్చా," అన్నాడు.

పింగాణీ పళ్ళేలు పెట్టుకునే బీరువా కాలు ఊగుతోందని ఎలునెడ్ క్రిస్మస్ నుంచీ పోరు పెడుతోంది. బాగుచేయడానికి తమ్ముణ్ణి పురమాయించి ఉంటుందని ఇద్వాల్ సంబరపడ్డాడు. "మంచిపని చేశావోయ్. ఈ పీడ ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్నా. ఆ పక్క నువ్వు పట్టు, ఈ పక్క నేను పడతా."

ఎమ్రిస్ బీరువా వంకా బావ వంకా మార్చి మార్చి చూశాడు. "నువ్వే మోస్తావా బావా?"

"నా ఇంట్లోంచి పోయేదానికి నేను కాక ఎవరు మోస్తారు? అద్దం కూడా తీసుకుపో, దానికీ మెరుగు పెట్టించు."

బీరువా, అద్దం, వాటితోపాటు ఎలునెడ్ కూర్చునే పడక కుర్చీ ట్రాలీ ఎక్కాయి. ఇద్వాల్ తాళ్ళు బిగించి, జాగ్రత్తగా పొమ్మని చెయ్యి ఊపాడు. ఇంత రాతిగుండె మనిషికా అక్కనిచ్చామని ఎమ్రిస్ దారిపొడుగునా పళ్ళు నూరుకుంటూ పోయాడు.

మధ్యాహ్నానికి హాలు కిక్కిరిసిపోయింది. పంటల పోటీలకు కూడా అంతమంది రారు. దేశమంటే ఊళ్ళో ఇంత పట్టింపు ఉందా అని ఇద్వాల్ గుండె ఉప్పొంగింది. ముందు వరుసలో ఎలునెడ్ కూర్చుని ఉంది. కైన్‌వెన్ ఫోను జుట్టు చేసే దుకాణానికి కూడా చేరింది. ఆ ఫోను విని సగంలో లేచి వచ్చేయడం వల్ల ఆవిడ జుట్టు ఒకవైపు ఉంగరాలు తిరిగి, రెండోవైపు గడ్డిలా వేలాడుతోంది. ఇది కొత్త ఫ్యాషనేమో అనుకున్నాడు ఇద్వాల్. అధ్యక్షుడుగా ఉన్న పాస్టరు గారు అతని పేరు చదివి, తల దించుకున్నారు.

"నలభై ఏళ్ళు పైబడిన బంధం," అని మొదలుపెట్టాడు ఇద్వాల్. "విడిపోతున్నాం, అందులో మార్పు లేదు."

ఆడవాళ్ళ వరుసలోంచి "ఛీ" అని వినిపించింది. ఎలునెడ్ లేచి నిలబడింది.

"షరతులన్నీ నువ్వే చెప్పుకుంటే ఎలా? నావీ విను."

రాజకీయాలంటే ఆవులించే భార్య యూరప్ తరఫున వాదించడానికి లేచిందని ఇద్వాల్ పొంగిపోయాడు. "చెప్పాలి, చెప్పాలి. అవతలి పక్షం మాట కూడా వినాలి."

"పొలం నీది, నాకొద్దు. ఇల్లు సగం నాది. చేపలు పూర్తిగా నావి, నీకేం సంబంధం లేదు. మోట్ నాతోనే వస్తుంది."

మోట్ వాళ్ళ కుక్క. ఉపన్యాసంలో దాని ప్రసక్తి ఎక్కడా లేదు. ఇద్వాల్ తడుముకున్నాడు. "మన మోట్‌కీ యూరప్‌కీ ఏం సంబంధం?"

వెనక వరుసలో వినికిడి తగ్గిన ముసలాయన, "యూరప్ ఎవరమ్మాయి?" అని పక్కవాణ్ణి అడిగాడు.

ముందుగా పాస్టరు గారు కళ్ళు మూసుకుని, "చేపలు... ఆ చేపలా," అని గొణిగారు. ఆ తర్వాత ఒక్కొక్కరికే వెలిగి, నవ్వు ముందు వరుస నుంచి వెనక్కి పాకి, హాలు దద్దరిల్లింది. అందరూ కైన్‌వెన్ వైపు తిరిగారు.

"విన్నది చెప్పాను. ఒక్క ముక్క కల్పించలేదు," అంది కైన్‌వెన్.

ఎలునెడ్ మాత్రం నవ్వలేదు. "చెప్పగానే నేను ఎందుకు నమ్మానా అని ఆలోచిస్తున్నా. గొర్రెల ముందు నిలబడి అంతసేపు మాట్లాడావట. పెళ్ళయ్యాక నాతో అంతసేపు ఎప్పుడు మాట్లాడావు ఇద్వాల్? వెళ్ళిపోయే మనిషికి తప్ప అన్ని మాటలు రావనుకున్నా."

నవ్వు ఆగిపోయింది. ఇద్వాల్ చేతుల్ని ఏం చేయాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"నాకు మాటలు అందవు, ఎలునెడ్. నువ్వు మాట్లాడుతుంటే వినడం నాకు బాగుంటుంది. అది చాలనుకున్నా."

"చాలదు."

"అయితే ఏం కావాలో చెప్పు."

"చెప్తా. కూర్చో."

ఎలునెడ్ చెప్పింది. రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి కాసేపు కబుర్లాడాలి. ఏ సంగతైనా గొర్రెలకన్నా ముందు తనకి తెలియాలి. ఉన్ని కోతలు అయ్యాక ఏటా ఒకసారి సముద్రానికి తీసుకుపోవాలి. ఇద్వాల్ అన్నిటికీ ఒప్పుకుని తనవైపు ఒక్కటే అడిగాడు. తను చెప్తున్న వాక్యాన్ని ఆవిడ పూర్తి చేయకూడదు. దీనిమీద పెద్ద రభస జరిగింది. అతను పూర్తి చేసేదాకా ఆగితే టీ చల్లారిపోతుందని ఆడవాళ్ళు, చల్లారితే మళ్ళీ కాచుకోవచ్చని మగవాళ్ళు. చివరికి పాస్టరు గారు మధ్యేమార్గం చూపారు. అతను టీ ఒక గుక్క తాగేంతసేపు ఆగిపోతే, అప్పుడు ఆవిడ పూర్తి చేయవచ్చు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఎమ్రిస్ భార్య తన పళ్ళేలు అప్పటికే సర్దేసుకున్న ఆ బీరువా కూడా, కొంత గొణుగుడు తర్వాత, తిరిగొచ్చేటట్టు తేలింది.

ఓటుకి పెడితే హాల్లో ఉన్న చేతులన్నీ లేచాయి.

దేశం ఏ షరతుల మీద విడిపోవాలన్న సంగతి మాత్రం, సమయం చాలక, పై శనివారానికి వాయిదా పడింది.