ట్రాన్స్‌ఫర్ ఎవరికి?

అన్యాయం ఎవరికి జరగబోయింది? అంజలికి. ఎలా? గల్ఫులో, రూవి అనే చోట ఒక చిన్న కాలేజీలో ఆమె రెండేళ్లు చదివింది. ఆ చదువంతా లెక్కలోకి తీసుకొని విశ్వవిద్యాలయం నేరుగా మూడో ఏట చేర్చుకుంటుందన్న మాట మీదనే చేరింది. గురువారం మధ్యాహ్నం రెండు గంటలలోగా, తండ్రి ఉద్యోగాన్ని ధ్రువీకరిస్తూ కంపెనీ ముద్ర వేసిన ఉత్తరం అందకపోతే సీటు పోతుంది. ముద్ర చేతిలో ఉన్నవారికి ఒక్క మాట సరిగా అర్థం కాలేదు.

ఆ ఉదయం ఆమె తండ్రి నర్సయ్య, రుసైల్ గిడ్డంగిలో డ్యూటీ ఎక్కకముందే, ఆఫీసు గుమస్తా గులాం నబీ ముందు నిలబడ్డాడు.

"నబీ భాయ్, ట్రాన్స్‌ఫర్ ఉన్నది. ఒక ఉత్తరం రాసియ్యాలె. ఇయ్యాలనే ముద్ర కావాలె."

గల్ఫులో పనివాడి నోట ట్రాన్స్‌ఫర్ అంటే కంపెనీ మారడమే. కడప మనిషి గులాం నబీ కలం కింద పెట్టాడు.

"యాడికి పోయేదప్పా?"

"పెద్దదాంట్లకు. చిన్నదాంట్ల ఇంక ఎన్నేండ్లుంటం? మొదలే అట్ల అనుకున్నం."

"మొదట్నుంచే? ఈడ ఏం తక్కువైందని?"

"తక్కువేం లేదు భాయ్. కానీ దీని పేరు చెప్తే ఎవ్వలు గుర్తువట్టరు."

గులాం నబీ ముఖం మాడిపోయింది. లేచి మేనేజరు గదిలోకి వెళ్లాడు.

పది గంటల చాయ్ వేళకు వార్త గిడ్డంగి అంతటా పాకింది. తోటి పనివాడు పోచన్న వచ్చి తాళాలగుత్తి అడిగాడు.

"పోయేటోనికి తాళాలెందుకే, నర్సన్నా?"

"నేనేడికి పోతున్న?"

"అబ్బ! మాకు తెల్వదనుకున్నవా?" అంటూ పోచన్న అతని కుర్చీలో కూర్చున్నాడు.

బిడ్డ మూడో ఏటికి వెళితే తన కుర్చీ ఎందుకు పోవాలో నర్సయ్యకు అర్థం కాలేదు.

పన్నెండున్నరకు పిలుపు వచ్చింది. మేనేజరు అరబ్బీలో గట్టిగా మాట్లాడాడు. గులాం నబీ తెలుగులో అందించాడు.

"వదిలేది లేదంట. పెద్దదాంట్లోకి పోకుండా ఈడనే ఉండాలంట. స్టోర్ ఇన్‌ఛార్జిని చేసే కాయితం కూడా తయారు. సంతకం, ముద్ర పడిపాయ."

పద్దెనిమిదేళ్లుగా స్టోరంతా నడుపుతూ, ఎన్నిసార్లు అడిగినా కాగితాలలో హెల్పరుగానే మిగిలిన నర్సయ్య మొదటిసారి బల్ల మీద చరిచాడు.

"మా అంజలినా? పంతొమ్మిదేండ్ల పొల్ల, ఇంక డిగ్రే కాలె! దాని సదువు ఆపెటందుకు మీరెవ్వలు?"

"అంజలి ఎవరప్పా?"

"నా బిడ్డ! ట్రాన్స్‌ఫర్ దానికే గదా, కాలేజీల!"

గులాం నబీ ఆ మాటను మేనేజరుకు అనువదించాడు. మేనేజరు తాను సంతకం చేసిన కాగితాన్ని చూశాడు, దాని మీది ముద్రను చూశాడు. ముద్ర పడిన కాగితాన్ని చించడం ఆ ఆఫీసులో పరువు తక్కువ పని. చించలేదు. గులాం నబీ విశ్వవిద్యాలయానికి ఉత్తరం టైపు చేస్తూ, అంజలి తండ్రి ఉద్యోగం ఏమిటన్న చోట ఆగగానే, మేనేజరు ఆ కాగితాన్నే అతని ముందుకు నెట్టాడు.

ఒంటిగంట నలభైకి ఉత్తరం చేరింది. అంజలి చదివిన రెండేళ్లూ లెక్కకు వచ్చాయి. పద్దెనిమిదేళ్లు న్యాయంగా అడిగినా తీరని ఆమె తండ్రి బాకీని, తప్పుగా అర్థం చేసుకున్న ఒక్క మాటతో కంపెనీ పూర్తిగా తీర్చేసింది.