కొత్త బీములు వస్తున్నాయి

లోకం అంతమైపోయే విషయంలో కూడా ఒక పద్ధతంటూ ఉండాలని మొట్టమొదట గుర్తించిన ఘనత జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలకే దక్కుతుంది. 'లాస్ట్ డిపో' అనే వీడియో గేమ్‌ను మిగతా ప్రపంచం ఆడి ఊరుకుంది. లోకమంతా బూడిదయ్యాక, మిగిలిన నలుగురూ ఒక పాత బస్సు డిపోలో తలదాచుకుని బతుకు మళ్లీ మొదలుపెట్టడం అందులో కథ. దానికి రెండో భాగం వస్తోందని తెలియగానే మావాళ్లు 'ఉమ్మడి ఆశల పరిశీలక సంఘం' స్థాపించారు. (జిల్లాలు విడిపోయి ఏళ్లయింది. వాట్సాప్ గ్రూపును విడదీసే ధైర్యం మాత్రం ఎవరికీ రాలేదు.)

సంఘం అధ్యక్షురాలు సుస్మిత, జగిత్యాలలో పాలిటెక్నిక్ చదువుతున్న అమ్మాయి. రెండో భాగం మీద ఎవరు ఏ ఆశ పెట్టుకోవాలన్నా ముందుగా ఆమె అనుమతి పొందాలి. ఆశను ఆమె పరిశీలించి, న్యాయమైనదో అత్యాశో తేలుస్తుంది. నిరాశకు అనుమతి అక్కర్లేదు, అది దానంతటదే మంజూరవుతుంది. గొల్లపల్లి సభ్యుడొకాయన ఎవరినీ అడక్కుండా "ఈసారన్న కుక్కను సంపకుండ్రి" అని ఆశపడినందుకు ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు.

ఇంత క్రమశిక్షణతో నడుస్తున్న సంఘం ఒక్క మాట దగ్గర బోర్లాపడింది. కంపెనీ విడుదల చేసిన చిన్న ట్రైలర్‌లో పొగ, విరిగిన వంతెన, చివర్లో ఇంగ్లిషు అక్షరాలు కనిపించాయి. 'న్యూ బీమ్స్ ఆర్ కమింగ్.'

బీమంటే సిరిసిల్లలో ఒకటే అర్థం. పడుగు నూలంతా చుట్టిన పెద్ద రోలర్. అది సాంచా మీదికి, అంటే మరమగ్గం మీదికి ఎక్కితే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. సంపత్ సాంచాలు నడిపే కార్మికుడు. బీమ్ లేక అతని సాంచాలు ఆగిపోయి చాలా కాలమైంది. మరమగ్గాల పని దొరికే భివండిలో ఉన్న బావమరిది అక్కడికి రమ్మంటున్నాడు. వెళితే బిడ్డను బడి మాన్పించి తీసుకుపోవాలి. అట్లాంటి మనిషికి ఆ అక్షరాలు కనిపించాయి.

"గేముల సాంచాలు పెడుతుండ్రు!" అని గ్రూపులో వాయిస్ పెట్టాడు.

కోరుట్ల దేవేందర్ ఒప్పుకోలేదు. ఆయన దుబాయిలో స్లాబులు పోసి పోసి సెలవు మీద వచ్చిన మనిషి. "బీమంటె స్లాబు కింద ఏసేది తమ్మీ. ఇండ్లు కట్టుడు పెడుతుండ్రన్నట్టు."

"లోకమంత కాలినంక మనిషికి ముందుగాల ఏం గావాలె? బట్ట. బీము లేకుంట బట్టెట్లొస్తదే?"

"ఇల్లు లేకుంట బట్ట యాడ ఆరేస్తవ్?"

"అన్నా, బీమంటే లైటు. గా లైటుతోని కాలుస్తరు. అది తుపాకి," అంది సుస్మిత.

ఈ అభిప్రాయాన్ని ఇద్దరూ కలిసి ఖండించారు. బీమ్ అర్థం తేల్చడానికి ఉపసంఘం వేశారు. పక్షపాతం చూపిస్తారేమోనని ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లను దూరంగా ఉంచి ఓటింగు జరిపారు. ఏ ఊరి ఓట్లు ఆ ఊరి బీమ్‌కే పడ్డాయి. చివరికి ఎవరి ఆశకు తగిన ఆధారం వాళ్లే కంపెనీకి పంపుకోవాలని తీర్మానించారు.

సంపత్‌కు దారి దొరికింది. గేములో సాంచా ఉంటే దానికి చప్పుడు కావాలి. ఆ చప్పుడు మనం పంపితే రేపు మనల్నే పనికి పిలుస్తారు. ఈ సంగతి భార్య కల్యాణికి చెప్పాడు.

"ఆటల బీమొస్తె మన సాంచా నడుస్తదా?" అంది ఆమె.

"ఒక్క వారం ఆగరాదు."

"నేను ఆగుత. బిడ్డ ఆకలి ఆగుతదా?"

అయినా ఆగింది. సంపత్ తన సాంచాల యజమాని చంద్రమౌళి దగ్గరికి పోయాడు.

"మామా, ఒక్కపారి ఉత్త సాంచా నడుపుకుంట. సప్పుడు రికార్డు జేసుకోవాలె."

"పోగు లేకుంట సాంచా నడుపుతరార? ఊరు నవ్వుతది," అన్నాడు చంద్రమౌళి. అంటూనే షెడ్డు తాళం తీశాడు. ఆయనకూ ఆ చప్పుడు వినాలని ఉన్నట్టుంది.

పొద్దున పూట సాంచా మొదలైంది. సంపత్ ఫోను పక్కన పెట్టి ఊపిరి బిగపట్టాడు. ఆ చప్పుడు వాడకట్టంతా వినిపించింది. (సిరిసిల్లలో చప్పుడుకు ఎవరూ ఉలిక్కిపడరు, అది ఆగితేనే ఉలిక్కిపడతారు.) ముందుగా నూలు కండెలు చుట్టే సత్యవ్వ వచ్చింది, ఖాళీ గంప చంకన పెట్టుకుని. తర్వాత మొగిలయ్య వచ్చాడు, స్నానం మధ్యలో లేచి తడి తలతోనే. చూస్తుండగానే షెడ్డు ముందు జనం నిండిపోయారు.

"బీమచ్చిందా కొడుకా?"

"ఎంతమందికి పనట?"

"నన్ను మర్సిపోకు సంపతూ!"

సంపత్ నోటి మీద వేలుంచి అందరినీ బతిమాలాడు. ఎవరూ ఆగలేదు. చంద్రమౌళి స్విచ్ ఆపేశాడు.

"ఉత్త సాంచానే పెద్దవ్వా. గేము కోసం నడిపిన," అన్నాడు సంపత్, సత్యవ్వ ముఖం చూడలేక.

"గేమంటె ఏ ఊరి సేటు?" అంది సత్యవ్వ. "ఏ సేటైతేంది గని, నా పేరు గూడ జెప్పు."

మళ్లీ నడపడానికి సంపత్‌కు మనసొప్పలేదు. ఆ రికార్డునే సుస్మిత ఒక ఇంగ్లిషు ఉత్తరం జతచేసి పంపింది. సంఘ చరిత్రలో మొదటిసారిగా కంపెనీ నుంచి జవాబు వచ్చింది. సుస్మిత దాన్ని తెలుగు చేసి గ్రూపులో పెట్టింది. బీమంటే కాంతి ఆయుధమట. ఆటలో మగ్గాలు పెట్టే ఆలోచన లేదట, ఎందుకంటే అందులో మనుషుల బట్టలు ఎన్నటికీ చిరగవట. యంత్రం చప్పుడు తమకు అక్కర్లేదట. దాని వెనక వినిపించిన జనం గొంతులు మాత్రం తమవాళ్లందరికీ తెగ నచ్చాయట. మాటలు అర్థం కాకపోయినా, ప్రళయం తర్వాత మిగిలినవాళ్ల గొంతులు సరిగ్గా ఇట్లాగే ఉండాలని ఎన్నాళ్లనుంచో వెతుకుతున్నారట. అనుమతిస్తే వాడుకుంటారట.

సత్యవ్వ సంపత్‌ను ఆపి అడిగింది. "గేము సేటు ఏమన్నడు?"

"మన గొంతులు నచ్చినయట అవ్వా."

"మరి బీము?"

కల్యాణి అప్పటికే బిడ్డ పుస్తకాలు మూటగట్టేసింది. ముగ్గురూ భివండి బస్సెక్కారు.

ఆ సాయంత్రమే సంఘం సమావేశమై, గొంతులకు అనుమతి మంజూరు చేసి, సిరిసిల్లకు ఏకగ్రీవంగా అభినందన తెలిపింది. లోకం అంతమయ్యాక వినిపించాల్సిన గొంతుల్ని లోకం ఉండగానే సరఫరా చేసిన మొట్టమొదటి పట్టణం మాది.