జుమ్మా రామచంద్రం కాపురం

మా వీధిలో నన్ను జుమ్మా రామచంద్రం అంటారు. కొలువు హైదరాబాదులో నిజాం సర్కారు కచేరీలో, కాపురం పాలమూరులో. గురువారం సాయంత్రం రైలుబండికి వస్తాను. జుమ్మా, అంటే శుక్రవారం, సెలవు ఇంట్లో గడిపి, శనివారం తెల్లవారుజాము బండికి పోతాను. మిగతా రోజుల్లో నన్ను చూసినవాడు మా వీధిలో లేడు.

ఈ ఏర్పాటు నాకు హాయిగానే ఉంది. పట్నంలో సాయంత్రమైతే ఇరానీ హోటల్లో చాయ్, తర్వాత లతీఫ్ గదిలో చదరంగం. లతీఫ్ కచేరీలో నా పక్క కుర్చీ గుమస్తా. వాడి భార్య జడ్చర్లలో ఉంటుంది. ఆలస్యమెందుకైందని అడిగే మనిషి మా ఇద్దరికీ దగ్గర్లో లేదు.

మా ఆవిడ యాదలక్ష్మికే ఇది నచ్చలేదు.

"పట్నంల గంత మంది ఉంటున్నరు. మనకే ఇల్లు దొరుకుతలేదా?"

"దొరికిన ఇంట్ల నల్లా నీళ్లు లేవు. నల్లా ఉన్నకాడ జాగ లేదు."

"నేనొచ్చి ఎతుకుత."

"బండిల నిలవడనీకి గూడ జాగుండదు. నీతోని కాదు."

"మీతోని అయితాంది గద."

ఒక్కసారి బండి రుచి చూపిస్తే మళ్లీ పట్నం మాట ఎత్తదనుకున్నాను. కురుమూర్తి జాతర జనం తిరిగిపోయే శనివారం చూసి ప్రయాణం పెట్టాను.

బండి వచ్చింది. కిటికీల్లో కూడా మనుషులే. నేను లోలోపల సంతోషిస్తుండగా టికెట్ల సాయబు మా ఆవిడతో, "జనానా డబ్బా ముందటుందమ్మా" అన్నాడు.

ఇన్నేళ్లుగా ఈ బండి ఎక్కుతున్నా, ఆడవాళ్లకు వేరే పెట్టె ఉందన్న సంగతి నాకు తట్టలేదు. జాతర ఆడవాళ్లంతా మొగుళ్లను, మూటలను విడవలేక నా పెట్టెలోకే ఎక్కారు. జనానా ఖాళీ.

నేను ఒంటికాలి మీద నిలబడ్డాను. రెండో కాలికి జాగా దొరికేలోపు అక్కడొక మేక నిలబడింది.

"తాతా, జర నీ మేకను జరుపు."

"నువ్వే జరుగు బిడ్డా. అది కొత్తగ బండెక్కింది, బెదురుతది."

జడ్చర్లలో దిగి, మా ఆవిడ నోట ఇంటికి పోదామనే మాట వినడానికి జనానా కిటికీ దగ్గరికి పరుగెత్తాను. యాదలక్ష్మి కాళ్లు చాపుకొని సర్వపిండి తింటోంది.

"మంచిగొచ్చిన్రు. గీ చెంబుల నీళ్లు పట్టుకరాండ్రి."

తెచ్చేసరికి ఎదుటి బల్ల మీద బురఖాలో ఒకామె వచ్చి కూర్చుంది. "గీ అక్కకు గూడ" అని యాదలక్ష్మి ఇంకో చెంబు నా చేతికిచ్చింది.

షాద్‌నగర్‌లో మళ్లీ వెళ్లాను. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి మాట ఆపేశారు.

కాచిగూడలో దిగాం.

"ఈమె జన్నత్ బీ. మీ లతీఫ్ సాబ్ భార్య. అక్కింట్ల పెండ్లికి వచ్చింది" అంది యాదలక్ష్మి. "ఈమెకు గూడ గదే నల్లా ముచ్చట చెప్పిండట. ఒక్క మాట తేడా లేదు."

నేను చెప్పుల వైపు చూశాను.

"వాళ్ల అక్కోళ్లు మొన్న కొన్న ఇంకో ఇంట్ల రెండు వాటాలు ఖాళీగున్నయట. నల్లా గూడ ఉంది. నాకొకటి, ఈమెకొకటి."

అప్పుడే గేటు దగ్గర భార్యకు ఎదురొస్తూ లతీఫ్ కనిపించాడు. పారిపొమ్మని కళ్లతో సైగ చేశాను. వాడు నవ్వుతూ చెయ్యి ఊపి, ఇంకా తొందరగా వచ్చాడు.

ఆడవాళ్లిద్దరూ గుర్రపు ఝట్కా ఎక్కారు. మిగిలిన జాగాలో మూటలు పెట్టారు.

"మీరిద్దరు ఎన్క నడ్సుకుంట రాండ్రి" అంది యాదలక్ష్మి. ఝట్కా కదిలింది.

సంగతి విని లతీఫ్ అడిగాడు. "ఇప్పుడెట్ల భాయ్?"

"జల్ది నడువు" అన్నాను. "ఝట్కా కనవడకుంట పోతే, మనం ఏ ఇంట్ల ఉంటున్నమో మనకే తెల్వదు."