స్పీడ్ బ్రేకర్ వచ్చింది, దిగండత్తా!

ఆ ఆదివారం గుణశేఖర్ తెల్లవారి ఐదింటికే లేచాడు. అనుకున్నది అరగంట పని. కారు వెనక స్ప్రింగుల్ని కాస్త కోసి బిగిస్తే బండి కిందికి దిగి, పులి పొంచి కూర్చున్నట్టు కనిపిస్తుందని ఎవరో కుర్రాడు వీడియోలో చెప్పాడు. పొద్దున్నే ఆ పని ముగించి, స్నానం చేసి, తొమ్మిదింటికల్లా భార్యనూ అత్తగారినీ ఎక్కించుకుని చంద్రగిరిలో పెళ్లికి బయల్దేరాలి.

చిత్తూరులో అతనికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. గిన్నెల మీద లేని ప్రేమంతా ఆ ఎర్రటి బుల్లి కారు మీదే. బండి చిన్నదే గానీ ఇంజను మహా జోరుది. కొన్న మూడేళ్లలో ఒక్క మెకానిక్‌నూ దాన్ని తాకనిచ్చిన పాపాన పోలేదు. విప్పడం తనే, బిగించడం తనే, మిగిలిపోయిన నట్లను ఊరగాయ జాడీలో దాచడమూ తనే. కిందటి నెల పెద్ద సైలెన్సర్ వేశాడు. అప్పటి నుంచి ఆ వీధిలో పసిపిల్లలకు పగటి నిద్ర లేదు.

భార్య రూపశ్రీ ముందురోజే తేల్చి చెప్పేసింది. "పదకొండుకు ముహూర్తం. మా అమ్మ టయానికి పోలేదంటే సోమవారం ఆ బండి అమ్మేయాల్సిందే. బేరం గూడా మాట్లాడి పెట్టినా."

ఆమె కోపంలో న్యాయం ఉంది. పెళ్లికూతురు నందిని ఆమె మేనమామ కూతురు. తాళి కట్టక ముందే మేనత్త తన చేత్తో చెక్క బొమ్మల జత ఇవ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ మేనత్త రూపశ్రీ తల్లి చంద్రకాంతమ్మే. బొమ్మలు అందకపోతే తాళి ఆగుతుంది, తాళి ఆగితే సోమవారం కారు పోతుంది.

గుణశేఖర్ వెనక సీటు ఊడదీసి, స్ప్రింగులు బయటికి లాగాడు. ఇనుము కోసే గ్రైండర్‌తో ఎడమదాన్ని చుట్టున్నర కోశాడు. కుడిదాన్ని కోస్తూ ఉంటే చెయ్యి జారి రెండు చుట్లు తెగింది. సమానం కావాలని ఎడమదాన్ని మళ్లీ కోస్తే అది రెండున్నర అయింది. ఇక ఎడమకూ కుడికీ పంతం పడింది. చివరికి రెండూ సమానమయ్యేసరికి స్ప్రింగుల్లో మిగిలింది తక్కువ, నేల మీద పడ్డది ఎక్కువ. వాటికి ముద్దుగా తనే వేసిన ఎర్ర రంగు పొడిపొడిగా లేచి అతని తల మీదా చొక్కా మీదా పేరుకుపోయింది.

రూపశ్రీ పట్టుచీరలో బయటికొచ్చి చూసింది. బండి వెనకభాగం నేలకు బెత్తెడు ఎత్తులో ఉంది.

"ఏమండీ, బండి ఎందుకు కూలబడింది?"

"స్టైలు రూపా."

"వెనక సీటేది?"

సీటు ఆరుబయట ఉంది. దాన్ని బిగించే నట్లు ఎక్కడున్నాయో దేవుడికే తెలుసు. టైము తొమ్మిదిన్నర. స్నానానికి వేళ లేదు. చంద్రకాంతమ్మను ముందు కూర్చోబెట్టి, రూపశ్రీకి వెనక వంటింటి పీట వేశాడు. అత్తగారికి ఎండ పడదంటే అద్దాలకు తువ్వాళ్లు కట్టాడు. దారిలో ఏదైనా ఊడితే పనికొస్తుందని గ్రైండర్ కూడా బండిలో పడేశాడు. హైవేలో సైలెన్సర్ చప్పుడుకు పోలీసులు ఆపుతారేమోనన్న భయంతో అడవి పక్క పాత రోడ్డు పట్టాడు.

పాత రోడ్డు నిండా స్పీడ్ బ్రేకర్లే. మొదటిదాని మీద కారు పొట్ట గీసుకుని 'కర్ర్ర్' మనగానే గుణశేఖర్‌కు తన పొట్టే గీసుకున్నంత బాధ కలిగింది. అక్కడి నుంచి ఒకటే పద్ధతి. స్పీడ్ బ్రేకర్ కనిపించగానే బండి ఆపేవాడు. "దిగండత్తా!" ఆడవాళ్లిద్దరూ దిగి నడిచి దాటేవారు. ఖాళీ బండి మెల్లగా దాటేది. మళ్లీ ఎక్కేవారు.

ఏడోసారి దిగేటప్పుడు చంద్రకాంతమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి అడిగింది. "అల్లుడూ, నేను చంద్రగిరికి బండిలో పోతా ఉండానా, నడిచి పోతా ఉండానా? ఒకటి చెప్పు నాయనా, దానికి తగ్గ చెప్పులేసుకుంటా."

ఎనిమిదో స్పీడ్ బ్రేకర్ అటవీశాఖ చెక్‌పోస్టు ముందుంది. గుణశేఖర్ అలవాటు ప్రకారం వంద గజాల ముందే ఆపాడు. ఇద్దరు ఆడవాళ్లు గుడ్డలో చుట్టిన మూటతో దిగి రోడ్డంచున గబగబా నడిచారు. వెనక ఖాళీ బండి నక్కి నక్కి వచ్చింది. ఆ ప్రాంతంలో చెక్‌పోస్టు ముందు సరుకు దింపి మనుషుల చేత మోయించేది ఎవరో చంటిపిల్లలకూ తెలుసు. ఎర్రచందనం దొంగలు. గార్డు జోయల్ ఈల వేశాడు.

"యాడికప్పా?"

"పెండ్లికి సార్."

"పెండ్లికి పొయ్యేటోళ్లు చెక్‌పోస్టు ముందర దిగి నడుస్తారా?"

"బండి కింద తగులుతాది సార్."

"తగిలేంత బరువు ఏం ఉండాది లోపల?" తువ్వాలు పక్కకు లాగి చూశాడు. "సీటేమైంది?"

"ఇంట్లో ఉండాది సార్."

"సీటును ఇంట్లో పెట్టి మనుషుల్ని బండిలో ఏసుకొచ్చినావా? మరి ఈ గ్రైండరేంది? నెత్తిన ఈ ఎర్ర పొడేంది?"

"స్ప్రింగులు కోసినా సార్."

"బుద్ధుండే వాడెవుడన్నా సొంత బండి స్ప్రింగులు కోస్తాడా అప్పా? నిజం చెప్పు, ఇంకేం కోసినావు? ఆ మూటలో ఏముండాది?"

చంద్రకాంతమ్మకు ఇంతసేపటికి ఒక మంచి ప్రశ్న వినబడింది. మూట విప్పి గర్వంగా చూపించింది. "అసలైన ఎర్రచందనం నాయనా! మా అవ్వ కాలం నాటి రాజా రాణీ బొమ్మలు. కావాలంటే వాసన సూడు."

గుణశేఖర్ కళ్లు మూసుకున్నాడు.

జోయల్ బొమ్మల్ని అటూ ఇటూ తిప్పాడు. ముక్కులు అరిగిపోయాయి, మడతల్లో ఎన్నేళ్ల నాటిదో పసుపు ఉంది. అతని ముఖం కొంచెం మెత్తబడింది. "ఇవి పాతవే. ఆడోళ్లు పోవచ్చు. బండీ పోవచ్చు, సీటే లేనిదాంట్లో ఇంకేం దాస్తారు? ఈయన మాత్రం ఈడే ఉండాల. ఈ పొడి ఏందో మా సార్ వచ్చి తేల్చాల."

పదకొండుకు ఇంకా పావుగంటే ఉంది. చంద్రగిరి ఇంకా పన్నెండు కిలోమీటర్లు. "ముహూర్తం తప్పిపాయె!" అని చంద్రకాంతమ్మ నిజంగానే ఏడ్చేసింది. రూపశ్రీ చెయ్యి చాపింది.

"తాళం ఇయ్యండి. నేను తోల్తా."

"రూపా, ఆ క్లచ్చు..."

"లైసెన్సు పెండ్లికి ముందే తీసినా. ఆరేండ్లయింది, మీరు అడిగింది యాడ?"

ఆమె స్టీరింగు ముందు కూర్చుంది, తల్లి పక్కన. వెనక పీట ఖాళీ. బరువంతా ముందుకు పోవడంతో బండి తోక పైకి లేచింది. స్పీడ్ బ్రేకర్‌ను చప్పుడు లేకుండా దాటి, ఒక్క గర్జనతో మలుపు తిరిగి మాయమైంది. గుణశేఖర్ తన బండి చప్పుడును బయట నిలబడి వినడం అదే మొదటిసారి. ఆనందంతో అతనికి ఒళ్లు పులకరించింది.

"ఎట్లుండాది సార్ సౌండు?" అన్నాడు.

"నువ్వు పట్టుబడినావప్పా, అది గుర్తు పెట్టుకో," అన్నాడు జోయల్.

పెద్దసారు మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి, పొడిని వేలితో రుద్ది వాసన చూసి, "పెయింటు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. గుణశేఖర్ అరటికాయల లారీ ఎక్కి చంద్రగిరి చేరేసరికి విస్తళ్లు ఎత్తేస్తున్నారు. కల్యాణ మండపం ముందు తన కారు చుట్టూ పెళ్లిజనమంతా మూగి ఉన్నారు. మధ్యలో చంద్రకాంతమ్మ చేతులు తిప్పుతూ చెబుతోంది.

"పన్నెండు కిలోమీటర్లు, పది నిమిషాలు! తాళి ఎత్తినారు, నేను దిగినాను, బొమ్మలిచ్చినాను! ఆ మలుపుల్లో నా బిడ్డ ఎట్ల తోలింది అంటారు!"

రూపశ్రీ భర్తను పక్కకు పిలిచి, అట్టిపెట్టిన పులిహోర పొట్లం చేతిలో పెట్టింది.

"బేరం వద్దని ఫోన్ చేసి చెప్పేసినా. బండి అమ్మేది లేదు."

గుణశేఖర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవతలాంటి భార్య దొరికిందని మనస్ఫూర్తిగా అనుకున్నాడు. తాళం కోసం చెయ్యి చాపాడు.

ఆమె తాళాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగింది. "రేపు మెకానిక్ దగ్గర కొత్త స్ప్రింగులు ఏపిస్తా. సైలెన్సర్ మాత్రం అట్లే ఉండనీ, బాగుండాది. ఇంక మీరు దాని మీద చెయ్యి పెట్టొద్దు."

సోమవారం పొద్దున గుణశేఖర్ షేర్ ఆటోలో, డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడుతూ దుకాణానికి వెళ్లాడు.