ఆపుమీట మీద పూలకుండీ

బదిలీల శాఖవారి మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు నెల రోజులుగా ఆగకుండా నడుస్తున్నందుకు దానికి ఘన సన్మానం జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. నెత్తిన పెట్టిన పూలగుత్తివల్ల గాలి ఆడక యంత్రం రెండుసార్లు దగ్గింది. సభ దాన్ని కృతజ్ఞతగా స్వీకరించి చప్పట్లు కొట్టింది.

ఆ నెలలో ఒక్క బదిలీ ఉత్తర్వూ వెలువడలేదన్న అల్పవిషయాన్ని ఎత్తింది ఆపరేటరమ్మ ఒక్కతే. ఆవిడ భర్త ఇదే శాఖలో, వేరే ఊళ్లో ఆపరేటరు. వారానికో పూట కాపురం. ఇక్కడికి రావాలని ఆయన పెట్టుకున్న అర్జీ ఈ యంత్రం కడుపులోనే ఉంది.

"ఇది సాగడం లేదు సార్, ఒకేచోట తిరుగుతోంది. మధ్యలో ఓసారి ఆపితే ఎక్కడ ఇరుక్కుందో తెర మీద కనబడుతుంది," అంది.

పెద్దసారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఆపరేటరంటే అర్థమేమిటమ్మా? ఆపరాదు అని! ఆగితే ఎందుకాగిందని అడుగుతారు. నడిచేదాన్ని ఎందుకు నడుస్తున్నావని ఎవడైనా అడిగాడా?"

ఎవడూ అడగలేదు. పాడుచేసినవాణ్ణి వదిలేసి ఆపినవాణ్ణి పట్టుకోవడం ఆ కార్యాలయపు సదాచారం. అందుకే ఆపుమీటకు గాజుమూత బిగించి, దాని మీద పూలకుండీ పెట్టారు.

ఆ సాయంత్రం భర్త ఫోన్ చేశాడు. "ఏమోయ్, ఇంకా తిరుగుతోందా?"

"తిరుగుతోందండీ."

"నేనూ తిరుగుతున్నా, బస్సుల్లో. మొన్న మన పిల్ల నన్ను అంకుల్ అంది."

మర్నాడు ఆపరేటరమ్మ కుండీ దించి, మూత తీసి, మీట నొక్కింది. యంత్రం ఆగింది. గుట్టు తెర మీదికొచ్చింది. ఇద్దరు గుమాస్తాలు ఒకరి చోటు ఒకరు కోరుకున్నారు. అతను లేస్తేగాని ఇతను కూర్చోలేడు, ఇతను లేస్తేగాని అతను కూర్చోలేడు. "ముందు మీరు", "అబ్బే, ముందు మీరు" అంటూ గుమ్మంలో నిలబడ్డ మర్యాదస్థుల్లా వాళ్లు ఇరుక్కుంటే, యంత్రం నెలంతా వాళ్ల చుట్టూనే తిరిగింది. ఇలాంటి జంట తగిలితే ఇద్దర్నీ ఒకేసారి లేపమని ఆవిడ ఒక్క ఆదేశం చేర్చి, యంత్రాన్ని మళ్లీ నడిపింది. ఉత్తర్వులు వరదలా వచ్చాయి. భర్తది మాత్రం రాలేదు. ఈ ఊళ్లో ఆపరేటరు కుర్చీ ఖాళీ లేదు మరి.

పెద్దసారు పరుగున వచ్చారు. "పనిచేసే యంత్రాన్ని ఆపావా?"

"పనిచెయ్యకపోతేనే ఆపాను సార్."

"ఇప్పుడు చేస్తోందిగా. మరెందుకు ఆపినట్టు?"

ఇలాంటి ప్రశ్న వేయడాన్నే అక్కడ నేర నిరూపణ అంటారు. శిక్ష, బదిలీ. సారే స్వయంగా ఒంటివేలితో టైపు కొట్టారు. ఆవిణ్ణి ఎక్కడికి పంపాలా అని యంత్రం వెతికింది. ఆవిడ కుర్చీ కోరుకున్న ఆసామి దొరికాడు. కొత్త ఆదేశం ప్రకారం భార్యాభర్తలిద్దర్నీ ఒకేసారి లేపింది. రెండు బస్సులూ దారిలో ఎదురుపడ్డాయి. ఆయన చెయ్యి ఊపాడు.

బడి ఇక్కడే కనుక పిల్ల తండ్రి దగ్గర ఉండిపోయింది. తిరిగి రావడానికి ఆపరేటరమ్మ పెట్టుకున్న అర్జీ ఇప్పుడు యంత్రం కడుపులో ఉంది. యంత్రం మళ్లీ ఒకేచోట తిరుగుతోంది. ఈసారి గుమ్మంలో ముగ్గురు మర్యాదస్థులు, ఆవిడ చేర్చిన ఆదేశమేమో జంటలకే.

"ఒక్కసారి ఆపకూడదుటండీ?" అని ఫోన్‌లో ఆవిడ అడిగింది.

"అమ్మో, నన్నెక్కడికి తోస్తారో! నడవనీ," అని ఆయన మళ్లీ మీట మీదికెక్కిన కుండీలో నీళ్లు పోశాడు.

రెండో సన్మానానికి మనకు పిలుపులొచ్చాయి. వెళ్లకపోతే బావుండదు. కిందటిసారి చప్పట్లు కొట్టింది మనమేగా.