మైనస్ 32,768వ మనవి

చెన్నై నగర ప్రజల ఫిర్యాదులు సున్నా కంటే కిందికి దిగిపోయాయని ప్రజా విజ్ఞాపనల శాఖ మంత్రి ఆనందన్ గారు 1997 జూన్ నెలలో ఒక సోమవారం ఉదయం పదకొండింటికి ప్రకటించారు. ఫిర్యాదులను సున్నాకి తెచ్చిన ప్రభుత్వాలు ఉంటే ఉండవచ్చు గానీ, సున్నాను కూడా దాటించి మైనస్ ముప్ఫై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిదికి తెచ్చిన ప్రభుత్వం ఆసియా ఖండంలో ఇంకొకటి ఉంటే చూపించమని సవాలు కూడా విసిరారు. పత్రికలవాళ్లు ఎవరూ చూపించలేకపోయారు. వాళ్ల చేతుల్లోకి అప్పటికే వడలు వచ్చేశాయి.

"మైనస్ ఫిర్యాదు అంటే ఏమిటండీ?" అని ఒక విలేకరి నోట్లో ముక్క మింగి అడిగాడు.

"ఇన్నాళ్లూ ప్రజలు ప్రభుత్వాన్ని అడిగేవారు. ఇప్పుడు అడగడానికి ఏమీ లేక వాళ్ల దగ్గరే మిగులు తేలింది" అన్నారు మంత్రిగారు.

ఇంత చక్కటి జవాబు అప్పటికప్పుడు ఎలా తట్టిందా అని వెనక వరసలో నిలబడ్డ శ్రీకుమార్ ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోతూనే మెడ మీద చెమట తుడుచుకున్నాడు. ఆ మైనస్‌ని పుట్టించినవాడు అతనే.

శ్రీకుమార్ ఆ శాఖ మైలాపూరు ఆఫీసులో ప్రోగ్రామరు. ఏడేళ్ల కిందట శాఖవారు ఎవరి మీదా ఆధారపడకూడదని పట్టుబట్టి సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాయించుకున్నారు. దానికి 'మక్కళ్' అని పేరు. అరవంలో ప్రజలని అర్థం. అందులో కెర్నల్ అనే భాగాన్ని, అంటే మెషీన్‌లో ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పే పెద్దదిక్కుని, శ్రీకుమార్ ఒక్కడే కూర్చుని రాశాడు. వచ్చిన ప్రతి మనవికీ వరస నంబరు ఇచ్చేది కూడా ఆ కెర్నలే.

ఆ నంబరుకి పదహారు గళ్లు కేటాయించాడు. మొదటి గడి ప్లస్సో మైనస్సో చెబుతుంది. మిగిలిన పదిహేనింటిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. దానికి ఇంకొకటి కలిపితే లెక్క పొంగి మొదటి గడిలోకి పారుతుంది, ప్లస్ కాస్తా మైనస్ అయి కూర్చుంటుంది. రాసే రోజుల్లోనే అనుమానం వచ్చి ఇంకో పదహారు గళ్లు ఇప్పించమని అడిగాడు. "ముప్ఫై రెండు వేల మంది మన దగ్గరికి వస్తారా అబ్బయా? రెండు వేలకే విసుగొచ్చి మానుకుంటారు" అని డెప్యూటీ డైరెక్టర్ వరదయ్య కొట్టిపారేశారు. జనం ఓపికని ఆయన తక్కువ అంచనా వేశారు.

ఆ 32,768వ మనవి తిరువొత్తియూరు మునియక్కది. చేపలమ్ముకునే మనిషి. వాళ్ల సందులో నలభై ఇళ్లకీ కలిపి ఒకటే కొళాయి. మూడు నెలలుగా అందులో మంచినీళ్లతో పాటు మురుగు వస్తోంది. మనవరాలికి కామెర్లు రెండోసారి తిరగబెట్టి ఆస్పత్రిలో ఉంది. నీళ్లు పరీక్ష చేయించి, మంచినీళ్లు ఇప్పించండి అని ఆమె మనవి. శుక్రవారం సాయంత్రం కౌంటరు మూసేముందు అందరికంటే ఆఖరున కాగితం ఇచ్చి, నంబరు చీటీ తీసుకుని, అంకె ముందున్న ఆ అడ్డగీత ఏమిటని అడిగింది. చీటీలు అచ్చేసే మెషీన్ దగ్గరున్న శ్రీకుమార్ గీత చూడగానే సంగతి గ్రహించాడు. "నేను చూసుకుంటాను లే అక్కా" అన్నాడు.

ఆ మాట గుర్తుండే మంత్రిగారి కారు కదలగానే వరదయ్య గదిలోకి వెళ్లాడు.

"సార్, అది నిజం మైనస్ కాదు, ఓవర్‌ఫ్లో. ఆటో మీటరు చివరి అంకె దాటితే మళ్లీ సున్నాకి తిరిగిపోదా, అట్లాంటిదే."

"ఈ ఊర్లో ఆటో మీటరు తిరగంగా నువ్వు చూసినావా?"

శ్రీకుమార్ ఆలోచించాడు. చూడలేదు.

"చూడనిదాన్ని పట్టుకుని నాకు చెప్పబాకు. సరే, ఏం చేద్దామంటావు?"

"మూడు లైన్లు సార్. ఒకటి కలిపే ముందే, గళ్లు నిండినాయా అని కెర్నల్ చూసుకోవాల. నిండి ఉంటే కలపకుండా ఆపేసి మనకు చెప్పాల. ఆ తర్వాత గళ్లు పెంచుకోవాల."

"ముందే ఏమిటికి? కలిపినాంక చూసుకోగూడదా?"

"కలిపినాంక పొంగిపోయుంటుంది సార్. అప్పుడు చూసి లాభం లేదు."

వరదయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన జోడు తీసింది మూడు నాలుగు సార్లే. "చూడు అబ్బయా. జరగకముందే చూసుకోవడం మన శాఖలో ఎన్నడూ లేదు. జరిగినాంక విచారణ సంఘం వేస్తాం. అదీగాక మంత్రిగారు మైనస్ అని పేపరోళ్లకి చెప్పేసినారు. నువ్వు ప్లస్ అంటే ఆయన నోరు జారినట్టు కాదా? రాసియ్యి, ఫైల్లో పెడతా."

శ్రీకుమార్ రాసిచ్చాడు. సిఫారసు ఒకటి: గళ్లు నిండినప్పుడు ఇంకొకటి కలపకుండా ఆపవలెను. సిఫారసు రెండు: గళ్లు పదహారు నుంచి ముప్ఫై రెండుకి పెంచవలెను. ఫైలు మీద ఎర్రదారం పడింది.

మంత్రిగారు మాత్రం ఊరుకునే మనిషి కాదు. ఆఫీసు గుమ్మం మీద ఎర్ర లైట్లతో పెద్ద బోర్డు పెట్టించి మైనస్ అంకె వచ్చేపోయేవాళ్లకి కనపడేట్టు చేయించారు. చిక్కు అక్కడే వచ్చింది. ఎవరో పింఛను కోసం మనవి ఇస్తే అంకె మైనస్ 32,767 అయింది. ఇంకెవరో వీధి దీపం అడిగితే 32,766. నాలుగు రోజులు గడిచేసరికి మైనస్‌లోంచి నాలుగు వందలు తరిగిపోయాయి. ఎంతో శ్రమపడి సాధించిన మైనస్‌ని జనం ఇలా కళ్లెదుటే అరగదీస్తుంటే ఏ నాయకుడికైనా కడుపు మండుతుంది.

ఆరోజు సాయంత్రం మంత్రిగారు వరదయ్య గదికే వచ్చి తలుపు వేయించారు. వేదిక మీద చెంతమిళం, అంటే గ్రాంథిక అరవం, తప్ప మాట్లాడరు గానీ ఇంట్లో వాళ్లది తెలుగే. తలుపు వేస్తే తెలుగు వస్తుంది, కోపం వస్తే ఇంకా బాగా వస్తుంది.

"ఇట్లానే పోతే అది మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది గదయ్యా! అసెంబ్లీలో నా మొహం ఏడ పెట్టుకోవాల? ఈ ఓవర్‌ఫ్లోనో ఏదో, దాన్ని ఆపే దోవ ఒక్కడికీ తెలీదా?"

వరదయ్య వెంటనే ఫైలు తీసి ఎర్రదారం విప్పారు. మంత్రిగారు సిఫారసు ఒకటి చదివారు. మళ్లీ చదివారు. ఆయన ముఖం వికసించింది.

"నిండినప్పుడు ఇంకొకటి కలపకుండా ఆపవలెను! ఇంత మంచి ఐడియాని ఫైల్లో మగ్గబెట్టినారా? రేపటినుంచి కౌంటరు మూసేయండి. ఒక్క మనవి తీసుకోబాకండి."

"సార్, నేను చెప్పింది కెర్నల్‌కి. మనుషులకి కాదు. అదీ గళ్లు పెంచేదాకానే..." అన్నాడు శ్రీకుమార్.

"నువ్వు మెషీన్‌కి చెప్పినావు, నేను ప్రజల దాకా తీసకపోతా ఉండాను. అది నీ అడక్కం తమ్ముడూ" అని మంత్రిగారు భుజం తట్టారు. అరవంలో అడక్కమంటే వినయం. సిఫారసు రెండుని ఆర్థిక శాఖకి పంపారు. అది ఈనాటికీ అక్కడ క్షేమంగా ఉంది.

మర్నాడు కౌంటరుకి తాళం పడింది. తలుపు మీద నోటీసు అంటించారు: 'సీనియర్ ప్రోగ్రామర్ శ్రీకుమార్ సిఫారసు మేరకు మనవులు స్వీకరించబడవు.' శ్రీకుమార్ సీనియర్ ప్రోగ్రామర్ అయిన సంగతి అతనికి ఆ తలుపు చూస్తేనే తెలిసింది. సిగ్గుతో ఆ రోజు వెనక మెట్ల మీదుగా ఇంటికి పోయాడు.

రెండు రోజుల తర్వాత మునియక్క వచ్చింది. కౌంటరు మూసి ఉంటే వెనక మెట్లెక్కి నేరుగా మెషీన్ గదిలోకే వచ్చేసింది. చేతిలో కంప్యూటర్ కాగితం ఉంది.

"సారూ, ఇది ఏందో చూడు నాయనా. మా సందు టీచరమ్మ చదివి చెప్పింది గానీ నాకు నమ్మకం రాలా. మేం అడిగిన నీళ్లు మేమే ఇయ్యాలంట?"

శ్రీకుమార్ చదివాడు. శాఖ నియమాల ప్రకారం ప్లస్ నంబరు ఉంటే ప్రజలు అడిగినది శాఖ ఇవ్వాలి. ప్రభుత్వం ప్రజలను ఏదైనా అడగవలసి వస్తే ఉంటుందని మైనస్ నంబర్లను పక్కన ఉంచారు. అవి ఎప్పుడూ వాడుకలోకి రాలేదు. ఇప్పుడు మక్కళ్ ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించి నోటీసు అచ్చేసింది: 'మీరు పదిహేను రోజులలోగా ఈ శాఖకు మంచినీరు సరఫరా చేయవలెను. తప్పినచో తగు చర్య తీసుకొనబడును.' కింద వరదయ్య సంతకం. ఆయన చదవకుండా పెట్టే సంతకాల్లో అదొకటి.

"ఇది తప్పు అక్కా. నువ్వేమీ తేవద్దు. నేను సరిచేయిస్తాను."

"చూసుకుంటానని పోయిన తూరి కూడా చెప్పితివే." ఆమె గొంతులో కోపం లేదు. అదే శ్రీకుమార్‌ని ఎక్కువ పొడిచింది. "ఆస్పత్రిలో పిల్ల కండ్లు పసుప్పచ్చంగా పెట్టుకోని పండుకోనుండాది. ఇంగ కాగితాలతో అయ్యేది లేదు. తేమ్మన్నారు గదా, తెస్తా. ఆ నీళ్లు ఈడికి వస్తే అప్పుడన్నా వీళ్లు కండ్లతో చూస్తారు."

శ్రీకుమార్ ఆ సాయంత్రమే వరదయ్యని బతిమాలాడు. ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకోవాలంటే ముందు అది తప్పని ఒక మనవి రావాలని, మనవులు తీసుకోవడం ఆగింది శ్రీకుమార్ వల్లేనని ఆయన ఓపికగా వివరించారు.

పదిహేనో రోజు పొద్దున మునియక్క వచ్చింది. ఒక్కతే రాలేదు. సందులో నలభై ఇళ్ల ఆడవాళ్లూ తలా ఒక ప్లాస్టిక్ బిందెతో లారీ దిగారు. సరిగ్గా ఆ వేళకే మంత్రిగారు మైనస్‌ని కాపాడిన సందర్భంగా పత్రికలవాళ్లని వెంటబెట్టుకుని వచ్చారు. నీలం, పచ్చ, ఎరుపు బిందెలు వరసగా చూసి మొదట రాస్తారోకో అనుకుని కారు తిప్పమన్నారు. సంగతి తెలిసి దిగి, రెండు చేతులూ జోడించారు.

"చూశారా? ప్రజల దగ్గర మిగులుందని నేను చెబితే మీరు నవ్వారు. ఇదిగో, ప్రభుత్వానికే నీళ్లు పోస్తున్నారు!"

కెమెరాలు మెరిశాయి. మునియక్క లోటా ముంచి ముందుకి చాపింది. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. వాసన వెనక వరస దాకా వచ్చింది.

"ఒక్క గుక్క తాగి చూడండి సామీ. మేం దినమూ తాగేది ఇదే."

మంత్రిగారు లోటా అందుకుని కళ్లకద్దుకున్నారు. "ప్రజలిచ్చిన నీళ్లు తాగే అర్హత నాకు ఇంకా రాలేదమ్మా" అని గద్గదంగా చెప్పి వరదయ్యకి అందించారు. వరదయ్య ఆ రోజు ఏకాదశి అన్నారు. అది ఏకాదశి కాదు. ప్రభుత్వానికి అందిన సరుకేదైనా నాణ్యత చూసి తీసుకోవాలన్న రూలు ఆయనకి అదృష్టవశాత్తూ గుర్తొచ్చి, లోటాని అప్పటికప్పుడే జీపులో ల్యాబుకి పంపారు. మూడు నెలలుగా ఎవరూ పరీక్షించని నీళ్లకి ఆ మధ్యాహ్నం మూడింటికల్లా రిపోర్టు వచ్చింది. శాఖ చరిత్రలో ఇంత చురుకుదనం లేదని మర్నాడు పేపర్లు మెచ్చుకున్నాయి.

పేపర్లు వచ్చిన రోజే మునియక్క మెషీన్ గదికి మళ్లీ వచ్చింది. ఈసారి ముఖం వెలిగిపోతోంది. కాగితం కొంగులో మడిచి తెచ్చింది.

"టీచరమ్మ ఊర్లో లేదు. నువ్వే చదువు నాయనా. నీళ్లు చెడ్డవని రాసుండారా?"

"రాశారు అక్కా. మురుగు కలిసిందనీ, మనుషులు తాగడానికి పనికిరాదనీ రాశారు."

"సర్కారు ముద్దర ఉండాదా?"

"ఉంది."

"అప్పా!" అని ఆమె గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకుంది. "మూడు నెల్లు తిరిగితే ఒక్క ఆపీసరు ఒప్పుకోలా. ఇప్పుడు ముద్దరేసి ఒప్పుకున్నారు. మినిస్టరుకి నా దండాలని చెప్పు. కింద ఇంగా ఏందో ఉండాదే, అది కూడా చదువు."

శ్రీకుమార్ కాగితాన్ని వెలుతురుకి జరిపాడు. ఈ ఏడేళ్లలో తన మక్కళ్ అచ్చేసిన లైన్లు ఎవరికీ చదివి వినిపించవలసిన అవసరం అతనికి రాలేదు.

"'పై కారణము వలన మీ వీధి కొళాయి నేటి సాయంత్రం సీలు చేయబడును. ప్రభుత్వానికి కలుషిత నీరు సరఫరా చేసిన తప్పిదాన్ని ఈసారికి మన్నించడమైనది. రేపటి నుండి దినమునకు నలభై బిందెల చొప్పున మంచినీరు మాత్రమే తెచ్చి అప్పగించవలెను.'"

మునియక్క గోడ వదిలింది. దగ్గరికి వచ్చి కాగితంలోకి తొంగి చూసింది.

"ఏ కొళాయిలో పట్టుకోని రావాలో, అది ఏడన్నా రాసుండారా నాయనా?"

శ్రీకుమార్ కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.